సగపాలు నియమము – కొండనెక్కు దేహము

అలిపిరినుండి తిరుమలకు పోవు సోపానమార్గమున సుమారు 3,550 మెట్లు కలవు. శ్రీవారిమెట్టు మార్గమున 2,388 మెట్లు కలవు. తరతరములుగా భక్తులు గోవిందనామము పలుకుచు ఈ మార్గములనే ఏడుకొండలవాని సన్నిధికి చేరుచున్నారు. ఆదిశేషుని రూపమైన గిరిని పాదములతో త్రొక్కుటకు జంకి భగవద్రామానుజులు మోకాళ్ళతో ఎక్కిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ దారిలో నిట్టనిలువుగా నుండు భాగమునకు మోకాళ్ళ పర్వతమనియే పేరు.

ఇంటిలో ఎవరికైన ఆపద తొలగినపుడు, బిడ్డకు జబ్బు నయమైనపుడు, "కాలినడకన కొండకు వచ్చెదను స్వామీ" యని మ్రొక్కుకొనుట తెలుగు గృహములలో పరిపాటి. మ్రొక్కు నోటితో క్షణములో ముగియును. దానిని తీర్చవలసినవి మాత్రము మోకాళ్ళు, గుండె, ఊపిరి. నలుబదియవ యేట మ్రొక్కిన మ్రొక్కు ఏబదియవ యేటికిని తీరక, "ఈ బరువుతో మెట్లెక్కలే"నని కంటనీరు పెట్టుకొను తల్లులు మన ఇండ్లలో కొందరు కాదు. 2024వ సంవత్సరమున తిరుమల తిరుపతి దేవస్థానము కాలినడక భక్తులకు చేసిన సూచనలలో, వృద్ధులు, మధుమేహము, అధిక రక్తపోటు, ఉబ్బసము, కీళ్ళజబ్బులు, గుండెజబ్బులు గలవారితోపాటు ఊబకాయము గలవారు కూడ నడచివచ్చుట శ్రేయస్కరము కాదని పేర్కొన్నది. ఆ పట్టికలో వయస్సు మన చేతిలో లేనిది. ఊబకాయము మాత్రము చాలవరకు మన చేతిలోనిది. పైగా దానిని తగ్గించుకొన్నచో పట్టికలోని మరికొన్ని జబ్బులును అదుపులోనికి వచ్చును.

బరువు ఎప్పుడు భారమగును?

శరీరపు బరువును కిలోగ్రాములలో తీసికొని, ఎత్తును మీటర్లలో రెండుమార్లు గుణించిన సంఖ్యతో భాగించినచో ఒక సూచిక వచ్చును. భారతీయులకు ఈ సూచిక 23 దాటిన అధికబరువనియు, 25 చేరిన ఊబకాయమనియు వైద్యనిపుణులు 2009లో నిర్ణయించిరి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు గలవారికి ఈ సూచిక 27 దాటును. వారు 64 కిలోలకు దిగువకు రాగలిగిన ఊబకాయపు హద్దు దాటి బయటపడుదురు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండుట మంచిది. మన దేశీయులకు కొవ్వు ముఖ్యముగా పొట్టచుట్టు చేరును. అది మధుమేహమునకును, గుండెజబ్బునకును దారితీయును. 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము భారతదేశమున మధుమేహము గలవారు సుమారు 10 కోట్లమంది. పొట్టచుట్టు కొవ్వు హద్దుమీరినవారు పెద్దలలో నూటికి దాదాపు 40 మంది.

ఇది సోమరితనమునకు శిక్ష యని తలచుట తగదు. కొందరికి వంశపారంపర్యము, కొందరికి థైరాయిడ్ గ్రంథి లోపము, కొందరికి వాడుచున్న మందులు కారణములగును. మన పూర్వులు తిన్నదానినే మనమును తినుచున్నాము. కాని వారు బావినుండి నీరు తోడిరి, రోట దంచిరి, రుబ్బురోట పిండి రుబ్బిరి, ఊరినుండి ఊరికి నడచిరి. ఆ పనులు యంత్రములకు పోయినవి, వడ్డన మాత్రము మారలేదు. ఖర్చు తగ్గి రాబడి తగ్గనపుడు మిగులు పేరుకొనునట్లే, దేహమున కొవ్వు పేరుకొనుచున్నది.

సగపాలు నియమము

మంగళగిరి కొండపై వెలసిన పానకాలస్వామి భక్తులు సమర్పించిన పానకమును పూర్తిగా గ్రహింపడనియు, సగము స్వీకరించి సగము వారికే ప్రసాదముగా విడుచుననియు ప్రసిద్ధి. బిందెడు తెచ్చినను, చెంబెడు తెచ్చినను సగమే. సర్వమును తనదైన స్వామి సగముతో తృప్తినొందుట భక్తునకు గొప్ప పాఠము.

ఈ సగపాలు మాట మన వైద్యగ్రంథములలోను కనబడును. వాగ్భటుడు అష్టాంగహృదయమున ఉదరమును నాలుగు భాగములుగా భావించి, రెండు భాగములు ఆహారముతోను, ఒక భాగము ద్రవముతోను నింపి, నాలుగవ భాగమును వాయుసంచారమునకు విడువవలెనని విధించినాడు. అనగా అన్నమునకు చెందినది సగము ఉదరమే. సుశ్రుతుడు వ్యాయామమును గూర్చి చెప్పుచు, తన బలములో సగముమేరకే చేయవలెననియు, అంతకు మించిన అది హాని చేయుననియు హెచ్చరించినాడు. నేటి శాస్త్రమును ఆ మాటకే వచ్చినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహారసూచనలలో, దినమునకు తినదగిన పదార్థములలో దాదాపు సగము కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెనని చెప్పినది.

ఉదరమున సగము, బలమున సగము, పళ్ళెమున సగము. ఈ మూడు సగములను పాటించినవారికి బరువు తగ్గుటకు వేరు మంత్రము అక్కరలేదు.

ఆహారము ఆహుతి

గీతలో పదునైదవ అధ్యాయమున శ్రీకృష్ణభగవానుడు తాను వైశ్వానరాగ్నియై ప్రాణుల దేహములందుండి నాలుగు విధముల అన్నమును పచనము చేయుచున్నానని తెలిపినాడు. కావున భోజనము ఒక హోమము. హోమము చేయువాడు సమిధలను గుట్టగా పోసి అగ్నిని అణచివేయడు, సమిధలు వేయక ఆర్పివేయడు. ఒక్కొక్కటిగా, కొలతగా సమర్పించును. ఆరవ అధ్యాయమున అతిగా తినువానికిని, బొత్తిగా తిననివానికిని యోగము సిద్ధింపదని చెప్పి, ఆహారము, విహారము, పని, నిద్ర, మెలకువ అన్నియు యుక్తముగా నుండవలెనని బోధించుటలోని మర్మమిదియే.

తెలుగువారి భోజనక్రమమును ఒక్కమారు పరిశీలింపవలెను. పప్పుతో అన్నము, కూరతో అన్నము, పులుసుతోనో చారుతోనో అన్నము, చివర పెరుగుతో అన్నము. ప్రతి పదార్థమునకు అన్నము క్రొత్తగా వడ్డింపబడును. ఒక పూటలో నాలుగుమార్లు అన్నము పెట్టించుకొన్న సంగతి తినువానికి తెలియదు, పెట్టిన ఇల్లాలికి గుర్తుండదు. దీనికి సులభమైన ఉపాయమొకటి కలదు. అన్నమును మొదటనే ఒక్కమారుగా, కొలిచిన గిన్నెతో వడ్డించుకొని, దానినే నాలుగు పాళ్ళు చేసికొనవలెను. పప్పుకొక పాలు, కూరకొక పాలు, చారుకొక పాలు, పెరుగుకొక పాలు. రుచులలో ఏ ఒక్కటియు తగ్గదు, సంప్రదాయము చెడదు, అన్నము మాత్రము సగమగును.

అన్నము తగ్గినచోట కూర పెరుగవలెను. బీర, సొర, పొట్ల, దొండ, బెండ, కాకర, తోటకూర, బచ్చలి – ఇవి ఉల్లి, వెల్లుల్లి వాడని వైష్ణవగృహములకును చక్కగా సరిపోవునవి. వీనిలో పీచు హెచ్చు, కొవ్వు స్వల్పము. కడుపు నిండును, ఆకలి త్వరగా రాదు. కాని వేపుడుగా చేసి నూనెలో ముంచినచో ఆ గుణము పోవును. పప్పు, పెరుగు, మజ్జిగ, ఉడికించిన సెనగలు, పెసలు ప్రతిదినము ఉండవలెను. బరువు తగ్గుకాలమున కండ క్షీణింపకుండ కాపాడునవి ఇవియే.

పంచదార సంగతి మరియొకటి. రెండు చెంచాల పంచదారతో దినమునకు మూడుమార్లు కాఫీ త్రాగువారు 30 గ్రాముల పంచదార గ్రహించుచున్నారు. దినమునకు 25 గ్రాములకు మించకుండుట మేలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో సూచించినది. ఇంక మిఠాయి ముట్టకముందే హద్దు దాటినట్లు. చెంచాలను సగము చేసిన ఆ దినమే 15 గ్రాములు తగ్గును.

ప్రసాదము, ఏకాదశి

ప్రసాదమును కాదనుట వైష్ణవునకు పాడికాదు. అట్లని ప్రసాదమను పేరుతో హద్దు మీరుటయు పాడికాదు. సెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు కలిసిన లడ్డు ప్రసాదము పంచిపెట్టుటకు ఏర్పడినది. ఇంటికి తెచ్చిన లడ్డును చిదిమి ఇరుగుపొరుగులకు చేతిలో కొద్దికొద్దిగా పెట్టుట పెద్దల ఆచారము. ధనుర్మాసమున ముప్పది ఉదయములు పొంగలి, దధ్యోదనము ఆరగింపగును. దోసిటిలో పట్టునంత తీసికొని కన్నుల కద్దుకొన్న అది ప్రసాదము. ఆకునిండ పెట్టించుకొని, ఆపైన ఇంటికి వచ్చి ఫలహారము చేసిన అది రెండవ భోజనము.

గోదాదేవి తిరుప్పావై ఈ విషయమున మార్గదర్శి. రెండవ పాశురమున గోపికలు వ్రతారంభమున నెయ్యిని, పాలను విడిచెదమని సంకల్పింతురు. ఇరువదియేడవ పాశురమున వ్రతఫలము లభించినపుడు స్వామితో కలసి సమృద్ధిగా నేతితో పాయసాన్నము ఆరగింతురు. విడుచుటకొక కాలము, అనుభవించుటకొక కాలము. అనుభవించుటయు ఒంటరిగా కాదు, అందరు కలసి. ఏడాదిలో కొన్ని పండుగలకు నేతిమిఠాయిని ఆనందముగా తినవచ్చును. ప్రతిదినమును పండుగ చేసికొన్నవారికి పండుగయు మిగులదు, ఆరోగ్యమును మిగులదు.

ఏకాదశి నిజమునకు దేహమునకును మేలు చేయగల వ్రతము. కాని ఆ దినమున అన్నము మాని పూరీలు, నేతి ఉప్మా, సగ్గుబియ్యపు వడలు, వేయించిన దుంపలు తిని, మరునాడు పారణ పేరుతో విందు చేసినచో మామూలు దినముకంటె ఎక్కువ తిన్నట్లగును. భాగవతమున అంబరీష మహారాజు దూర్వాసముని రాకకై వేచియుండి, ద్వాదశి ఘడియలు గడచిపోవుచుండగా జలమును మాత్రము గ్రహించి పారణ చేసినాడు. పారణయనగా విందు కాదు, వ్రతమును సమాప్తి చేయుట మాత్రమే. ఏకాదశినాడు పండ్లు, పాలు, మజ్జిగ కొద్దిగా తీసికొని, ద్వాదశినాడు మితముగా భుజించిన చాలును. రోగులకు, వృద్ధులకు, బాలురకు శాస్త్రమే సడలింపు ఇచ్చినది. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక ఉపవసించినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును.

త్వరపడి, వారములతరబడి పస్తులుండి బరువు తగ్గించుకొనువారును కలరు. అట్లు తగ్గునపుడు కొవ్వుతోపాటు కండయు పోవును, పిత్తాశయమున రాళ్ళు ఏర్పడు అవకాశము హెచ్చును, భోజనము మరల మొదలిడగానే బరువు తిరిగి వచ్చును. గీత పదునేడవ అధ్యాయమున దేహమును పీడించు ఘోరతపస్సును భగవానుడు మెచ్చలేదు. అట్టివారు లోపలనున్న తననుగూడ పీడించుచున్నారని పలికినాడు.

నడక

నడక అన్నివయసులవారికి తగిన వ్యాయామము. పెద్దలు వారమునకు 150నుండి 300 నిమిషములవరకు మధ్యస్థమైన శ్రమ చేయవలెననియు, కండరములకు బలమిచ్చు వ్యాయామము వారమునకు రెండు దినములైన చేయవలెననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. అనగా వారమున ఐదు దినములు అరగంట నడచిన కనీసపు లెక్క తీరును. నడక వేగమునకు భక్తులకు తగిన కొలత ఒకటి కలదు. గోవిందనామము పలుకగలిగి, కీర్తన పాడలేకుండు వేగమే తగిన వేగము. పాట సాగుచున్నదనిన నడక మందము. నామము కూడ నోట రాకున్నదనిన నడక అతి. నోటితో శ్వాస తీయవలసివచ్చుటయే సగము బలము వినియోగమైనదనుటకు గుర్తని సుశ్రుతుడు చెప్పినదియు ఇదియే.

కండరములకు బలము కూర్చుటకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. కుర్చీనుండి చేతుల ఆసరాలేక పదిమార్లు లేచి కూర్చుండుట, ఇంటి మెట్లను నిదానముగా ఎక్కి దిగుట చాలును. ఊరి దేవాలయమునకు వాహనము మాని నడచిపోవుట, ప్రదక్షిణములు మూడింటికి బదులు పదునొకండు చేయుట – ఇవి భక్తియు, వ్యాయామమును ఒక్కటిగా సాగు మార్గములు.

ఇచట ఒక చిన్న లెక్క చూడదగినది. ఒక పెద్దచెంచా నేతిలో సుమారు 120 కాలరీల శక్తి ఉన్నది. 70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడచిన సుమారు అంతే శక్తి వ్యయమగును. నడచివచ్చి చెంచాడు నెయ్యి అదనముగా వేసికొన్నవాడు నడువనివానితో సమానుడు. చెంచా నెయ్యి మాని అరగంట నడచినవాడు దినమునకు 240 కాలరీలు ఆదా చేయును. కిలో కొవ్వులో ఇమిడిన శక్తి సుమారు 7,700 కాలరీలు. ఆ లెక్కన నెలకు కిలోకు దగ్గరగా బరువు తగ్గును. సగము పళ్ళెమునుండి, సగము పాదములనుండి. బరువు తగ్గినకొలది దేహము పొదుపుగా నడచుకొనుటచే తగ్గుదల మందగించుట సహజము. అపుడు నిరాశ చెందక నియమమును కొనసాగింపవలెను.

ఆరునెలల వ్రతము

కాలినడక మ్రొక్కు గలవారు యాత్రకు ఆరునెలల ముందు సంకల్పము చేసికొనుట మంచిది. మొదట వైద్యునిచే గుండె, రక్తపోటు, చక్కెర పరీక్షింపించుకొనవలెను. మెట్లెక్కవలదని వైద్యుడు నిషేధించిన ఆ మాటను స్వామి ఆజ్ఞగా గ్రహింపవలెను.

మొదటినెల ఉదయము, సాయంకాలము పావుగంట చొప్పున చదునైన నేలపై నడక. అన్నము ఒక్కమారు వడ్డన. రెండవనెల నడక దినమునకు నలుబది నిమిషములు, కాఫీలో చక్కెర సగము. మూడవనెల వేపుళ్ళు, అప్పడములు వారమునకొక దినము, కుర్చీ వ్యాయామము వారమునకు రెండు దినములు. నాలుగవనెల ఇంటి మెట్లు పది నిమిషములు. మెట్లెక్కునపుడు ఊపిరి కష్టమైనను, ఎదలో నొప్పి వచ్చినను వెంటనే ఆగి వైద్యుని చూడవలెను. ఐదవనెల సమీపమున ఏదైన కొండ క్షేత్రమునకు మెట్లదారిన వెళ్ళి రావలెను. మంగళగిరి, సింహాచలము వంటివి ఇందులకు అనువైనవి. ఆరవనెల ఆ అభ్యాసమునే నిలుపుకొనవలెను. వారమునకొక్కమారు ఒకే వేళ బరువు చూచుకొని వ్రాసికొన్న చాలును. ప్రతిదినము చూచుకొనిన మనస్సు కలతపడును.

ఈ వ్రతమునకు ఇంటిల్లిపాది తోడు కావలెను. ఇల్లాలు మాత్రము నియమము పాటించుచుండగా మిగిలినవారు జంతికలు కోరినచో ఆమెకు వంటయిల్లే పరీక్షాస్థలమగును. భర్త ఆమెతో నడువవలెను, పిల్లలు కూరలు తరుగవలెను, అత్తగారు "ఇంకొంచెము పెట్టించుకో తల్లీ" యను మాటను కొంతకాలము మానవలెను. కొసరి వడ్డించుట ప్రేమయే. ఆకలి తీరినవానిని లేవనిచ్చుటయు ప్రేమయే.

ఆరునెలలలో ఐదారు కిలోలు తగ్గిన ఏమి లాభమని కొందరందురు. మోకాలి కీలు అరిగిన, అధికబరువు గల పెద్దలమీద అమెరికాలో జరిగి 2005లో ప్రకటితమైన పరిశీలనలో, ఒక కిలో బరువు తగ్గిన ప్రతి అడుగునందును మోకాలిపై పడు భారము నాలుగు కిలోలు తగ్గునని తేలినది. అది చదునైన నేలపై నడకను గూర్చిన లెక్క. ఆరుకిలోలు తగ్గినవాని మోకాలికి ఒక్కొక్క అడుగున 24 కిలోల బరువు దిగినట్లు. వేలకొలది అడుగులు వేయు భక్తునకు ఇది ఎంత ఊరటయో ఊహింపదగును. దేహపు బరువులో నూటికి 5నుండి 10 పాళ్ళు తగ్గిన రక్తపోటు, రక్తములోని చక్కెర కూడ మెరుగుపడుట వైద్యులు ఎరిగినదే.

తాళ్ళపాక అన్నమాచార్యులు బాల్యమున కొండనెక్కుచు ఆకలితో, అలసటతో మోకాళ్ళ పర్వతమువద్ద సొమ్మసిల్లగా అలమేలుమంగ తల్లి ప్రత్యక్షమై ప్రసాదము తినిపించినదని సంప్రదాయకథ. బిడ్డ ఆకలిగా నుండుట ఆ తల్లికి ఇష్టము కాదు. బిడ్డ భారముతో కూలబడుటయు ఆమెకు ఇష్టము కానేరదు. వాహనములో వచ్చినవానిని, నడచి వచ్చినవానిని స్వామి ఒకే కటాక్షముతో చూచును. బరువు తూచి అనుగ్రహించు దైవము కాడు. కాని మ్రొక్కుకొన్న తల్లి ఆఖరిమెట్టుపై పసుపుకుంకుమ లుంచి, వెనుదిరిగి తాను ఎక్కివచ్చిన దారిని చూచుకొనునపుడు కలుగు ఆనందము ఆమెకు దక్కవలసినదే. అది దక్కుటకు దారి రేపటి భోజనపు పళ్ళెమునందు, రేపటి ఉదయపు అరగంట నడకయందు ఆరంభమగును.

శ్రీనివాసుడు భక్తులకెల్లరకు మితమునందు రుచిని, నడకయందు ఆసక్తిని, తన కొండనెక్కు శక్తిని ప్రసాదించుగాక.